మొగం చూసి బొట్టు పెట్టకుండా: మాంద్య కాలములో ఉద్యోగిని తొలగించు నిర్ణయముపై ఒక బైబిలు పరిశీలన

క్రైస్తవ సంస్థల పాలక మండళ్లలో నెలల తరబడి వాయిదా పడుతూ వచ్చి, చివరకు ఒక సాయంకాలపు కూటములో పావుగంటలో ముగిసిపోయే అంశము ఒకటున్నది. ఆదాయము పడిపోయినది, జీతాలు ఇవ్వలేకపోతున్నాము, కొందరిని తీసివేయవలసినదే. ఎవరిని? వేదాంత కళాశాలల్లో క్రైస్తవ నీతిశాస్త్రము బోధించేటప్పుడు యుద్ధము, గర్భస్రావము, విడాకులు వంటి విషయాలకు పాఠాలున్నాయి గాని ఈ ప్రశ్నకు పాఠము కనబడదు. అయినా మన పట్టభద్రుల్లో అనేకులు పదేళ్లు తిరగకముందే ఏదో ఒక పాఠశాలకు కరస్పాండెంటుగానో, ఆసుపత్రి కార్యవర్గ సభ్యులుగానో, డయోసీసు కోశాధికారిగానో కూర్చుని ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసివస్తుంది.

ఇది ఊహాజనితమైన సమస్య కాదు. జమ్మలమడుగు నుండి మెదక్ వరకు మిషనరీలు స్థాపించిన ఆసుపత్రులు, బడులు ప్రారంభములో విదేశీ సంఘాల కానుకలపై నిలిచినవే. 1929 తరువాత అమెరికాలో మాంద్యము వచ్చినప్పుడు అక్కడి మిషన్ బోర్డులకు కానుకలు తగ్గి, ఇక్కడి పనికి వచ్చే సొమ్ము కోతపడింది. మన కాలములో 2020లో రెండు దెబ్బలు కలిసి వచ్చాయి. మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వచ్చి పాఠశాలలు మూతపడి ఫీజులు ఆగిపోయాయి. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిల్‌లో నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించవలసి వచ్చిందంటే పరిస్థితిని గ్రహించవచ్చు. అదే 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి వచ్చిన సవరణ, విదేశీ నిధులలో పరిపాలనా వ్యయానికి వాడదగిన భాగాన్ని 50 శాతము నుండి 20 శాతానికి తగ్గించినది. ఒక సంస్థ పొందిన విరాళమును మరొక సంస్థకు మళ్లించుటను నిషేధించినది. కేంద్ర కార్యాలయము ద్వారా పల్లెలకు జీతాలు చేరే పద్ధతిపై ఆధారపడినవారికి ఆ దారి మూసుకుపోయింది.

ముందుగా ఒక మాట స్పష్టము చేయాలి. వాడుకలో 'లే-ఆఫ్' అన్నా 'తీసివేత' అన్నా ఒకటే అర్థము వస్తున్నది. భారత కార్మిక చట్టములో మాత్రము లే-ఆఫ్ అంటే పని తాత్కాలికముగా ఇవ్వలేకపోవడం. ఉద్యోగి పేరు జాబితాలోనే ఉంటుంది. శాశ్వతముగా, ఉద్యోగి తప్పు లేకుండా తొలగించుట రిట్రెంచ్‌మెంట్. తప్పు చేసినందుకు తొలగించుట మూడవది. లూకా 16లోని గృహనిర్వాహకుడు మూడవ కోవకు చెందినవాడు. అతనిపై ఫిర్యాదు వచ్చింది, లెక్క అప్పగించుమన్నారు. మాంద్యములో ఉద్యోగము పోగొట్టుకొనే వ్యక్తి ఆ గృహనిర్వాహకుడు కాడు. ఈ తేడా చిన్నదిగా కనబడుతుంది గాని, మన సంస్థల్లో జరిగే అన్యాయములో సగము ఇక్కడే మొదలవుతుంది. డబ్బు లేక తీసివేస్తున్నామని చెప్పుటకు మొగమాటపడి, తీసివేయబడే వ్యక్తిలో ఒక తప్పు వెదకుతారు. వెదకితే దొరకనిదెవరిలో? ఆలస్యముగా వచ్చిన రోజులు, ప్రార్థన కూటానికి రాని రోజులు లెక్కకు వస్తాయి. ఆ వ్యక్తి ఉద్యోగముతోబాటు పేరు కూడా పోగొట్టుకొని వెళ్తాడు.

ముఖమును ఎత్తుట

పక్షపాతమును గురించి బైబిలు వాడే పలుకుబడి మన ప్రశ్నకు సూటిగా సంబంధించినది. లేవీయకాండము 19:15లో న్యాయము తీర్చువానికి రెండు నిషేధాలున్నాయి. బీదవాని ముఖమును ఎత్తకూడదు, గొప్పవాని ముఖమును గౌరవించకూడదు. హెబ్రీలో 'నాసా పానీమ్' అనగా ముఖమును పైకెత్తుట. నేలకు తల వంచి ఉన్నవాని ముఖము ఎత్తుట అంటే అతని మనవి అంగీకరించుట. క్రొత్త నిబంధనలో దీనికి సాటియైన గ్రీకు పదము 'ప్రోసోపోలెంప్సియా', ముఖమును స్వీకరించుట. పౌలు ఈ పదమును రోమా 2:11లో యూదులు, గ్రీసుదేశస్థుల విషయములో వాడెను. ఎఫెసీ 6:9లో యజమానులను హెచ్చరించుచు, కొలొస్సయి 3:25లో దాసులు, యజమానుల సందర్భములోనే మరల వాడెను. అంటే పనిలో పెట్టుకొన్నవాడు, పని చేయువాడు అను సంబంధములో ఈ పాపము ప్రత్యేకముగా పొంచి ఉంటుందని అపొస్తలుడు ఎరుగును.

తెలుగువారికి దీనిని వివరించనవసరము లేదు. 'మొగం చూసి బొట్టు పెట్టడం' అని మన పెద్దలు అన్నది అచ్చముగా ఇదే. పెండ్లి పేరంటములో బొట్టు పెట్టే ఇల్లాలు ఎదుటి మనిషి మొగము చూసి, ఆమె అంతస్తును బట్టి మర్యాద మార్చుట. హెబ్రీ, గ్రీకు, తెలుగు మూడు భాషలూ పక్షపాతాన్ని ముఖములోనే చూచుట గమనింపదగినది. యాకోబు 2:1-4లో బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి స్థలము, మురికి బట్టలవానికి నేల చూపిన సంఘమును మందలించిన మాట కూడా ఈ పదముతోనే మొదలవుతుంది.

అయితే ఈ పలుకుబడి ఎల్లప్పుడు చెడ్డ అర్థములో రాలేదు. ఆదికాండము 19:21లో లోతు మనవిని దూత అంగీకరించినప్పుడు, 1 సమూయేలు 25:35లో అబీగయీలు మొరను దావీదు ఆలకించినప్పుడు ఇదే మాట మంచి అర్థములో వచ్చినది. అక్కడ ముఖము ఎత్తుట దయ. లేవీయకాండములో అదే పని అన్యాయము. కారణమేమనగా, అక్కడ ఒక్క మనిషి మొరపెట్టుచున్నాడు. ఇక్కడ ఇద్దరు మనుష్యులు ఒక తీర్పు ఎదుట నిలిచియున్నారు. ఒకని ముఖము ఎత్తినయెడల రెండవవాని ముఖము దించవలసివస్తుంది. ద్వితీయోపదేశకాండము 10:17-18 ఈ రెండింటిని పక్కపక్కన ఉంచింది. దేవుడు ముఖము ఎత్తడు, లంచము పుచ్చుకొనడు అని చెప్పిన వెంటనే ఆయన తండ్రిలేనివానికి, విధవరాలికి న్యాయము తీర్చును, పరదేశికి అన్నవస్త్రములు ఇచ్చును అని వస్తుంది. తీర్పులో ముఖము చూడని దేవుడే దానములో అవసరము చూచుచున్నాడు.

ఈ వ్యాసము చెప్పదలచినది ఈ రెండు వచనాల మధ్య ఉన్నది. ఎవరు వెళ్లాలో తేల్చేటప్పుడు ముఖాలు చూడకూడదు, అందుచేత నియమము పేర్లకంటె ముందు రావాలి. ఎలా పంపాలో తేల్చేటప్పుడు ముఖాలు తప్పక చూడాలి. మన మండళ్లు సాధారణముగా దీనిని తలక్రిందులు చేస్తాయి. ఎంపికలో ఎవరు ఎవరి మనిషి అని చూస్తాయి. పంపివేయునప్పుడు మాత్రము నియమాలు చూపించి అందరికీ ఒకే ఒక నెల జీతము ఇస్తాయి.

ఒక పాఠశాల ఉదాహరణ

ఒక పట్టణములోని మిషన్ పాఠశాలను ఊహించుకొందము. ప్రాథమిక విభాగములో ఐదుగురు ఉపాధ్యాయినులు ఉన్నారు. పిల్లల సంఖ్య తగ్గినందున నలుగురు సరిపోతారు. మొదటి ఆమె 19 ఏళ్లుగా ఉన్నారు, భర్త ప్రభుత్వ ఉద్యోగి. రెండవ ఆమె 11 ఏళ్ల సర్వీసు గల విధవరాలు, ఇద్దరు పిల్లలు. మూడవ ఆమె చేరి నాలుగేళ్లయినది, తలిదండ్రులు తమ పిల్లలను ఆమె తరగతిలో వేయుమని అడుగుతారు. నాలుగవ, ఐదవ వారు మూడేళ్ల క్రిందట ఒకే జూన్ నెలలో, ఒకే రోజున చేరారు. నాలుగవ ఆమె పాస్టరేట్ కమిటీ సభ్యుని కుమార్తె. ఐదవ ఆమె ఒక పల్లెలోని మాదిగ కుటుంబములో చదువుకున్న మొదటి తరము మనిషి.

ఈ కథ ఇక్కడ ఆపి, ఎవరు వెళ్తారని ఏ సంఘ పెద్దను అడిగినా జవాబు తడుముకోకుండా వస్తుంది. వెళ్లవలసిన మనిషి ముందు తేలి, కారణము తరువాత దొరుకుతుంది. కారణము ఏ రూపములో వస్తుందో కూడా మనకు తెలుసు. "ఆమెకు ఈ పరిచర్యపై భారము లేదు." క్రైస్తవ సంస్థల్లో పనితీరు అనే కొలత ఇలా ఆత్మీయ భాషలోకి మారిపోవుట లౌకిక సంస్థల్లో లేని ప్రమాదము. భారము, దర్శనము, సమర్పణ అనేవి కొలవలేని మాటలు గనుక వాటిని ఎవరిపైనైనా ప్రయోగించవచ్చు. తొలగింపు ఉత్తరములో 'ప్రార్థనాపూర్వకముగా నిర్ణయించితిమి' అని వ్రాయుట ఇంకొకటి. ప్రార్థించుట మంచిదే, ఆ వాక్యమును ఉత్తరములో పెట్టుట వలన మాత్రము ఉద్యోగి ప్రశ్నించినది మండలినా, దేవునినా అన్నది అస్పష్టమవుతుంది.

ఇప్పుడు ఒక్కొక్క నియమాన్ని ఈ ఐదుగురిపై పెట్టి చూద్దాము. అవసరమును బట్టి ఎంచితే మొదటి ఆమె వెళ్లాలి, ఇంటిలో మరొక జీతమున్నది గనుక. కనికరముగా తోస్తుంది. అయితే ఇది 19 ఏళ్ల సేవను భర్త ఉద్యోగముతో కొలుచుట. ఆ కొలత ఆచరణలో ఎప్పుడూ స్త్రీల మీదనే పడుతుంది. భార్యకు ఉద్యోగమున్నదని పురుష ఉపాధ్యాయుని తీసివేసిన సంస్థను చూచుట అరుదు. పైగా ఎవరింట ఎంత అప్పున్నది, ఎవరి తల్లి మంచము పట్టినది అని మండలి విచారించుట మొదలుపెడితే, దుఃఖమును బాగా చెప్పుకోగలిగినవారు మిగులుతారు, నోరులేనివారు పోతారు. లేవీయకాండము 19:15 గొప్పవానితోబాటు బీదవానిని కూడా పేర్కొన్నదెందుకో ఇక్కడ అర్థమగుచున్నది. ధర్మశాస్త్రము బీదవానికి విరోధియని కాదు. అదే అధ్యాయము 9, 10 వచనాల్లో పొలము అంచును, రాలిన పరిగెను వానికి విడిచిపెట్టుమన్నది. 13వ వచనములో కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకొనవద్దన్నది. బీదవానికి ఇవ్వవలసినది పొలములో ఉన్నది, తీర్పులో కాదు.

పనితీరును బట్టి ఎంచితే మూడవ ఆమె నిలుస్తుంది, మిగిలినవారిలో ఒకరు వెళ్తారు. బోధన బాగుండుట పిల్లల హక్కు గనుక దీనిని కొట్టివేయలేము. కాని ఒక షరతు. పనితీరు నివేదికలు మాంద్యమునకు ముందే, ఏటేటా, ఉద్యోగికి చూపించి వ్రాసినవై ఉండాలి. కష్టకాలము వచ్చిన తరువాత వ్రాసిన నివేదిక ఎంత నిజమైనదైనా సాక్ష్యముగా పనికిరాదు. ఎందుకనగా వ్రాసే చేతికి అది ఎవరి పీకకు చుట్టుకుంటుందో అప్పటికే తెలుసు. మన సంస్థల్లో ఎన్నింటికి అటువంటి నివేదికలున్నాయో పాఠకులే ఆలోచించగలరు.

సర్వీసును బట్టి ఎంచితే, చివర వచ్చినవారు ముందు వెళ్లాలి. ఇది లోపములేని నియమమేమీ కాదు. మంచి ఉపాధ్యాయిని పోవచ్చు, సోమరి మిగలవచ్చు. ఇంకా తీవ్రమైన అభ్యంతరమొకటున్నది. ఒక సంస్థ ఏళ్ల తరబడి ఒక కులము వారినే, ఒక కుటుంబము వారినే తీసుకొని, ఇటీవలనే ఇతరులకు తలుపు తెరిచి ఉంటే, సీనియారిటీ ఆ పాత పక్షపాతమును కొత్త తొలగింపులో మరల అమలు చేస్తుంది. తెలుగు సంఘాల్లో మాల, మాదిగ, అగ్రవర్ణ నేపథ్యాల మధ్య ఉద్యోగాల పంపకము ఎంత సున్నితమైనదో ఎరిగినవారు ఈ అభ్యంతరమును తేలికగా తీసుకొనరు. అయినను సీనియారిటీకి ఉన్న ఒక్క గుణము మిగిలినవాటికి లేదు. అది ముఖము చూడదు. చేరిన తేదీ రిజిస్టరులో ఉంది. దానిని ఎవరూ ప్రార్థనాపూర్వకముగా మార్చలేరు.

మత్తయి 20:1-16లోని ద్రాక్షతోట ఉపమానమును చూపి, కడపటివారు మొదటివారవుదురు గనుక సీనియారిటీ బైబిలుకు విరుద్ధమని వాదించుట కొన్నిసార్లు వినబడుతుంది. ఉపమానము దానిని చెప్పుట లేదు. యజమానుడు మొదట వచ్చినవారితో చేసికొన్న ఒక దేనారము ఒడంబడికను పూర్తిగా నెరవేర్చెను, తరువాత తన సొత్తులోనుండి కడపటివారికి ఔదార్యము చూపెను. మొదటివారి కూలిలో కోసి కడపటివారికి ఇవ్వలేదు. మన మండళ్లకు కావలసిన పాఠము ఆ క్రమములో ఉన్నది.

చట్టము విడిచిపెట్టిన చోటు

పారిశ్రామిక వివాదాల చట్టము, 1947 ఈ విషయములో స్పష్టముగా మాట్లాడినది. 25-ఎఫ్ సెక్షను ప్రకారము ఒక సంవత్సరమైనా ఎడతెగక పనిచేసినవానికి ఒక నెల నోటీసు గాని దానికి బదులు జీతము గాని, పూర్తయిన ప్రతి సంవత్సరానికి 15 దినాల సగటు వేతనము చొప్పున పరిహారము ఇవ్వాలి. 25-జి ప్రకారము ఒకే తరగతి ఉద్యోగుల్లో చివర చేరినవారిని సాధారణముగా ముందు తొలగించాలి. వేరొకరిని తొలగిస్తే కారణాలు వ్రాతలో నమోదు చేయాలి. 25-హెచ్ ప్రకారము మరల ఖాళీ వచ్చినప్పుడు తొలగించబడినవారికి మొదటి అవకాశము. 'సాధారణముగా' అనే ఒక్క మాటలో ఆ చట్టము పాఠశాలకు అవసరమైన ఉపాధ్యాయినిని కాపాడుకొనే దారి ఉంచింది. కారణము వ్రాయుమన్న షరతుతో ముఖము చూచే దారి ఇరుకు చేసింది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 ఈ మూడు సూత్రాలను ఉంచినది. తిరిగి పిలుచు అవకాశమునకు ఒక సంవత్సరము గడువు పెట్టినది.

ఇవి క్రైస్తవ సంస్థలకు వర్తిస్తాయా? బెంగుళూరు వాటర్ సప్లై కేసులో 1978లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 'పరిశ్రమ' అను మాటను విశాలముగా అర్థము చెప్పి, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ధర్మసంస్థలు కూడా దాని పరిధిలోకి రాగలవని తీర్పునిచ్చింది. మిషన్ ఆసుపత్రి ఆయాలు, వంటవారు, డ్రైవర్లు కార్మిక న్యాయస్థానమునకు వెళ్లగలిగినది ఆ తీర్పు ఆసరాతోనే. ఉపాధ్యాయులు మాత్రము ఆ చట్టము క్రింద 'వర్క్‌మెన్' కారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వారి విషయములో ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టము, 1982 వంటివాటిని వేరుగా చూడవలసి ఉంటుంది. ఇక కొత్త కోడ్ పూర్తిగా గాని అధిక భాగము గాని ధర్మ, సాంఘిక, దాతృత్వ సేవలో ఉన్న సంస్థలు నడిపే వాటిని 'పరిశ్రమ' నిర్వచనములోనుండి మినహాయించింది. ఏ ఆసుపత్రి ఆ మినహాయింపు క్రిందికి వచ్చునో, ఫీజులు వసూలు చేసేది వచ్చునో రాదో అన్నది న్యాయస్థానాలు తేల్చే విషయము.

ఈ మినహాయింపు విని మన నిర్వాహకుల్లో కొందరు సంతోషించవచ్చు. వేదాంత దృష్టిలో ఇది సంతోషించవలసినది కాదనుట నా అభిప్రాయము. అన్యజనుల న్యాయస్థానము ఒక ఆయాకు ఇచ్చిన రక్షణను సంఘము సేవ అనే పేరు చెప్పి తీసివేసుకొనుట యాకోబు 5:4 చదివినవారికి తగునా? చట్టము బలవంతము చేయని చోట ఆ మూడు సూత్రాలను సంస్థ తన నియమావళిలో తానే వ్రాసుకొనవచ్చును. దానికి ఎవరి అనుమతి అక్కరలేదు.

అర్హతలు ముందు, పేర్లు తరువాత

అపొస్తలుల కార్యములలో రెండు ఎంపికలున్నవి, రెండూ చేర్చుకొనుటకు సంబంధించినవే గాని తొలగింపుకు కూడా వాటి క్రమము మాదిరి. 1:21-26లో పేతురు మొదట అర్హతను చెప్పెను: యోహాను బాప్తిస్మము మొదలుకొని తమతోకూడ ఉన్నవాడు, పునరుత్థానమునకు సాక్షి కాదగినవాడు. తరువాత ఇద్దరి పేర్లు వచ్చినవి. ఆ అర్హతను బట్టి ఇద్దరూ సమానులైనందున చీట్లు వేసిరి. 6:1-6లో గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్ర విషయములో సణుగు పుట్టినప్పుడు కూడా పన్నిద్దరు ఎవరినీ పేరు పెట్టి చూపలేదు. మంచి పేరు, ఆత్మ, జ్ఞానము అని మూడు అర్హతలు చెప్పి ఎంపికను సమూహమునకు విడిచిరి. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయము జరిగినదని సణిగిన పక్షము వారికే పంపకము అప్పగించబడినట్లు అనేక వ్యాఖ్యాతలు గ్రహించారు. తొలగింపు కమిటీలో కింది తరగతి సిబ్బంది ప్రతినిధి ఒకరు లేకుండా కూర్చునే మన మండళ్లకు ఇది చాలును.

మన ఉదాహరణకు తిరిగి వస్తే, సీనియారిటీ నియమము నాలుగవ, ఐదవ వారి దగ్గర ఆగిపోతుంది. ఒకే రోజు, ఒకే అర్హత. ఇటువంటిదే నిజముగా జరిగిన ఒక కేసు అమెరికాలో ఉన్నది. న్యూజెర్సీ రాష్ట్రములోని పిస్కాటవే పాఠశాల బోర్డు 1989లో వాణిజ్య విద్యా విభాగములో ఒకరిని తీసివేయవలసి వచ్చింది. అందరికంటె తక్కువ సర్వీసు గలవారు ఇద్దరు, ఒకరు తెల్ల జాతి, ఒకరు నల్ల జాతి ఉపాధ్యాయినులు. ఇద్దరూ 1980లో ఒకే రోజున చేరినవారు. ఇటువంటి సమానత్వము వచ్చినప్పుడు బోర్డు అంతకుముందు చీట్లు తీసేది. ఈసారి, ఆ విభాగములో ఉన్న ఒకే ఒక్క నల్ల జాతి ఉపాధ్యాయినిని నిలుపుకొనుటకు జాతిని కారణముగా పేర్కొని రెండవ ఆమెను తొలగించింది. 1996లో అప్పీలు న్యాయస్థానము అది చట్టవిరుద్ధమన్నది. సుప్రీంకోర్టు వినకముందే 1997లో 4,33,500 డాలర్లకు రాజీ కుదిరింది. బోర్డు ఉద్దేశము చెడ్డది కాదు. ఇబ్బంది ఏమనగా, పాత నియమమును ఇద్దరి ముఖాలు ఎదుట కనబడిన తరువాత మార్చింది. వైవిధ్యమును కాపాడుట ఒక నియమముగా కావాలనుకుంటే, దానిని ఆ ఇద్దరి పేర్లు రాకముందే వ్రాసి ఉంచవలసినది. మన సంస్థలు కూడా, ఇటీవల తలుపు తెరవబడిన వర్గాల వారు తుడిచిపెట్టుకుపోకుండునట్లు ముందుగానే ఒక నిబంధన పెట్టుకొనవచ్చును. పెట్టుకొన్న తరువాత అది కమిటీ సభ్యుని కుమార్తె విషయములో కూడా నిలువవలెను.

అటువంటి నిబంధన లేనప్పుడు చీటియే మిగులుతుంది. చీట్లు వేయుట జూదమువలె ఉన్నదని, పెంతెకొస్తు తరువాత అది అక్కరలేదని కొందరంటారు. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయము తరువాత క్రొత్త నిబంధనలో సంఘము చీట్లు వేసిన సందర్భము కనబడదన్న మాట నిజమే. అయితే సామెతలు 18:18 చీటికి ఇచ్చిన పని వివాదము మాన్పుట. దాని విలువ దేవుని చిత్తమును బయలుపరచుటలో కంటె మనుష్యుల చిత్తమును దూరముగా ఉంచుటలో ఎక్కువగా ఉన్నదని నాకు తోచుచున్నది. చీటిలో ఓడినది నీవు తక్కువదానవని ఎవరూ అనలేరు.

వట్టి చేతులతో పంపకుండుట

ఎంపికకు ముందు ఒక ప్రశ్న మిగిలియున్నది, అసలు ఎవరైనా వెళ్లవలెనా అనునది. క్లౌదియ కాలములో కరవు వచ్చినప్పుడు అంతియొకయ సంఘము వారు ప్రతివాడును తన శక్తికొలది పంపిరి (అపొ. కార్యములు 11:28-29). శక్తికొలది అనే మాట జీతాల కోతకు కూడా కొలత. అందరికీ సమానముగా 20 శాతము కోయుట సమానత్వముగా కనబడుతుంది గాని, 9,000 తీసుకొనేవానికి అది బియ్యము, 60,000 తీసుకొనేవానికి అది పొదుపు. పైనుండి కోత మొదలుపెట్టి, బంగళా ఖర్చులు, వాహనము, కూటాల ప్రయాణ భత్యాలు చూచిన తరువాత గాని ఆయా పేరు చర్చకు రాకూడదు. జర్మనీలో 2009 మాంద్యములో పని గంటలు తగ్గించి, తగ్గిన జీతములో కొంత భాగము ప్రభుత్వ నిధినుండి ఇచ్చే పద్ధతి క్రింద పది లక్షలకు పైగా ఉద్యోగులు కొలువులో నిలిచారు. మనకు అటువంటి నిధి లేదు. గంటలు పంచుకొనే ఆలోచనకు నిధి అక్కరలేదు.

అప్పటికీ తప్పనప్పుడు ద్వితీయోపదేశకాండము 15:13-14 వర్తిస్తుంది. ఆరేండ్లు సేవించిన దాసుని విడిచిపెట్టునప్పుడు వట్టి చేతులతో పంపకూడదు. మందలోనుండి, కళ్లములోనుండి, ద్రాక్షగానుగలోనుండి ధారాళముగా ఇవ్వాలి. హెబ్రీలో ఇచ్చుటకు వాడిన క్రియ కంఠహారము అను నామవాచకముతో సంబంధము గలది. మెడలో హారము వేసి పంపినట్లు పంపుమని దాని భావము. పంపివేయుటకు ఇక్కడ వాడిన 'షిల్లఖ్' అను క్రియయే ఆదికాండము 21:14లో హాగరును అబ్రాహాము పంపినప్పుడు వాడబడినది. వెండి బంగారములు, మందలు గల అబ్రాహాము ఆమె భుజము మీద పెట్టినది ఆహారమును ఒక నీళ్ల తిత్తిని మాత్రమే. నీళ్లు అయిపోయిన సంగతి తరువాతి వచనములోనే ఉన్నది. మన సంస్థల నోటీసు జీతాలు ఆ తిత్తిని తలపిస్తాయి.

ఇచ్చేదానిలో మొదటిది అప్పు, రెండవది దానము, కలపకూడదు. నిలిచిపోయిన జీతము, పి.ఎఫ్. వాటా, ఐదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ, ఇవి అప్పు. గ్రాట్యుటీ ఉపాధ్యాయులకు కూడా వర్తించునట్లు 2009లో చట్టము సవరించబడి, 1997 ఏప్రిల్ 3 నుండి అమలైనట్లు పరిగణించబడినది. సుప్రీంకోర్టు 2022లో దానిని సమర్థించింది. ఈ సొమ్మును వీడ్కోలు సభలో శాలువాతోబాటు కవరులో పెట్టి కానుకగా ఇచ్చుట ఒక విధమైన అబద్ధము.

దానము దగ్గర మాత్రము మండలి ముఖాలు చూడవచ్చు, చూడాలి. ఎంపికలో లెక్కకు రాని వైధవ్యము, పిల్లల చదువు, మంచము పట్టిన తల్లి, అన్నీ ఇక్కడ లెక్కకు రావాలి. మిషన్ కాంపౌండులో నివసించే వారి విషయములో ఇది మరీ అవసరము. కాంపౌండులో ఉద్యోగము పోవుట ఉద్యోగముతో ఆగదు. క్వార్టర్సు పోతుంది, పిల్లల ఫీజు రాయితీ పోతుంది, కొన్నిచోట్ల ఆసుపత్రిలో ఉచిత వైద్యము పోతుంది, ఆదివారము కూర్చునే బల్ల కూడా పరాయిదైనట్లు తోస్తుంది. కనుక క్వార్టర్సును కనీసము ఆ విద్యాసంవత్సరము ఏప్రిల్ వరకు ఉండనిచ్చుట, పిల్లలు ఆ బడిలో చదువు ముగించువరకు రాయితీ కొనసాగించుట, వైద్యము ఒక సంవత్సరమైనా ఇచ్చుట మండలి తీర్మానములోనే, తొలగింపు తీర్మానము ఉన్న పేజీలోనే వ్రాయబడాలి. కారణము ఆర్థిక ఇబ్బందియేనని, ఉద్యోగి తప్పు ఏదియు లేదని, ఖాళీ వచ్చినయెడల మొదటి పిలుపు ఆమెకేనని తెలుగులో వ్రాసిన ఉత్తరము, ప్యూను చేత గాక, ఆ తీర్మానము మీద సంతకము చేసినవారిలో ఒకరు ఇంటికి వెళ్లి ఇవ్వాలి.